గని దీపం నుండి కంప్యూటరు దాకా: పాఠశాల నేర్పవలసినది ఏమిటి?

కాజీపేట నుండి బల్లార్షా వైపు పోయే రైలుమార్గంలో మంచిర్యాల, మందమర్రి దాటిన తరువాత బెల్లంపల్లి వస్తుంది. ఈ పట్టణం పెరిగినది బొగ్గు వల్ల. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ దశాబ్దం ముగిసేలోగా గోదావరికి ఉత్తరాన బెల్లంపల్లిలోనూ గనులు తెరిచారు. నైజాం ప్రభుత్వం 1945లో కంపెనీ వాటాలలో అధిక భాగాన్ని కొన్నది. దేశంలో ప్రభుత్వ ఆధీనంలోకి వచ్చిన తొలి బొగ్గు కంపెనీలలో ఇది ఒకటి.

నేడు పట్టణం చుట్టూ ఉన్న పాత గనులలో చాలా భాగం మూతపడ్డాయి. బెల్లంపల్లి ఏరియా అనే పేరు మిగిలింది కాని, ఆ ఏరియా కార్యాలయం గోలేటిలో ఉన్నది; తవ్వకం ఖైరగూర వంటి ఓపెన్‌కాస్టు గనులలో సాగుతున్నది. 2001, 2011 జనాభా లెక్కలను పోల్చి చూస్తే, దేశంలో పట్టణ జనాభా మొత్తం మీద పెరుగుతున్న ఆ పదేండ్లలో బెల్లంపల్లి జనాభా తగ్గింది. పని ఎటు పోతే జనం అటు పోవటం సహజమే. అయితే ఊరిలో ఉన్న పాఠశాలలు ఎక్కడికీ పోలేదు. ప్రతి సంవత్సరం పిల్లలు చేరుతున్నారు, పదవ తరగతి పూర్తి చేస్తున్నారు. వారిని ఏ పనికి సిద్ధం చేయాలి? యంత్రాలు ఇంత వేగంగా మారుతూ ఉంటే పాఠశాల దేనిని వెంబడించాలి? ఈ ప్రశ్న ప్రపంచంలో అంతటా వినపడుతున్నదే. బెల్లంపల్లిలో మాత్రం దానికి ఆధారాలు కళ్ళ ఎదుట ఉన్నాయి.

మూడు తరాలు, మూడు పనులు

బొగ్గు ప్రాంతంలో గనిని "బాయి" అంటారు. తాతల కాలంలో బాయిలో పని అంటే తట్ట, చెమ్మాస్. మందుపాతర పేల్చగా రాలిన బొగ్గును చెమ్మాస్‌తో తట్టకు ఎత్తి, తట్టను నెత్తిన పెట్టుకొని పోయి టబ్బులో పోసేవారు. ఆ పని చేసేవారు ఫిల్లర్లు. దానికి చదువు అక్కరలేదు. దండలో బలం ఉంటే చాలు.

తండ్రుల కాలానికి ఎస్.డి.ఎల్. అనే యంత్రం వచ్చింది. అది ముందున్న బొగ్గును తన తొట్టిలోకి ఎత్తుకొని పక్కకు కుమ్మరిస్తుంది. ఒక యంత్రం అనేకమంది ఫిల్లర్ల పని చేస్తుంది. దానిని నడిపేవానికి విద్యుత్తు గురించి, నూనె పీడనంతో పనిచేసే గొట్టాల గురించి కొంత తెలియాలి. 1970లలో రామగుండం ప్రాంతంలో ఓపెన్‌కాస్టు తవ్వకం మొదలైంది. 1980లలో లాంగ్‌వాల్ పద్ధతి ప్రవేశించింది. ఈ పద్ధతిలో గోడ వంటి బొగ్గు ముఖాన్ని ఒక యంత్రం చెక్కుతూ పోతుంది. పైకప్పును ఇనుప ఆధారాలు నూనె పీడనంతో మోస్తూ, బొగ్గు తరిగిన కొద్దీ తామే ముందుకు జరుగుతాయి.

మనుమల కాలంలో పెద్ద డంపర్లు, షావెళ్ళు వచ్చాయి. వాహనం ఎక్కడ ఉన్నదో ఉపగ్రహాల సాయంతో తెలుస్తుంది. గాలిలో వాయువుల కొలతలు నేలమీది గదిలో తెరపై కనపడతాయి. అక్కడ కూర్చున్న వానికి దండబలంతో పని లేదు. తెరపై అంకె మారినప్పుడు దాని అర్థం గ్రహించగలగాలి.

మనుషులు తగ్గారు, బొగ్గు పెరిగింది

1990–91లో సింగరేణిలో సుమారు 1 లక్షా 16 వేల మంది పనిచేసేవారు. ఆ సంవత్సరం తీసిన బొగ్గు సుమారు 1 కోటీ 80 లక్షల టన్నులు. 2023–24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. కంపెనీ సొంత ఉద్యోగులు మాత్రం 40 వేల పైచిలుకు.

ఈ నాలుగు అంకెలను నల్లబల్లపై వ్రాసి, తలకు ఎంత బొగ్గు పడుతున్నదో లెక్క కట్టమని విద్యార్థులకు చెప్పవచ్చు. అప్పుడు ఒక్కొక్కరికి సంవత్సరానికి సుమారు 155 టన్నులు. ఇప్పుడు 1,600 టన్నులకు పైగా. అంటే పది రెట్లు దాటింది. కాని లెక్క ఇక్కడ ఆగరాదు. తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న అడగాలి: బొగ్గు పైనున్న మట్టిని తొలగించే పని నేడు చాలావరకు కాంట్రాక్టు సంస్థలు చేస్తున్నాయి కదా, ఆ మనుషులు ఈ 40 వేలలో ఉన్నారా? లేరు. కనుక పది రెట్లు అన్న మాటలో కొంత యంత్రం గొప్ప, కొంత లెక్క కట్టిన తీరు. ఒక అంకెను నమ్మే ముందు అది దేనిని లెక్కించింది, దేనిని వదలింది అని అడగటం ఏ యంత్రం వచ్చినా పాతపడని విద్య.

ఒకప్పుడు ఇక్కడి కుటుంబాలలో పెద్ద కొడుకు చదువు గురించి అంత దిగులు ఉండేది కాదు. తండ్రి ఉద్యోగం కొడుక్కు వస్తుందన్న ధైర్యం ఉండేది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. వైద్య కారణాలవల్ల పనికి అనర్హులైనవారి విషయంలో కారుణ్య నియామకాలు సాగుతున్నాయి కాని, అవి ఊరంతటికీ దారి కాలేవు. తండ్రి ఉద్యోగం దొరికినా తండ్రి చేసిన పని దొరకదు. తట్టాచెమ్మాస్ పని దాదాపు పోయింది. నేటి యంత్రాలు కూడా ఈ పిల్లలు నలభై ఏళ్ళవారయ్యే నాటికి ఉండవు.

ఇక్కడనే పాఠశాలకు చిక్కు వస్తుంది. నేటి యంత్రాన్ని నేర్పితే రేపటికి అది పాతపడుతుంది. రేపటి యంత్రం ఏదో ఎవరికీ తెలియదు. మరి నేర్పవలసినది ఏమిటి? దీనికి జవాబు గనిలో వాడే ఒక చిన్న పరికరం చరిత్రలో దొరుకుతుంది.

దీపం చెప్పే పాఠం

బొగ్గు పొరలలో మీథేను అనే వాయువు చిక్కుకొని ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బొగ్గును తవ్వినప్పుడు అది గాలిలో కలుస్తుంది. గాలిలో దాని పాలు సుమారు 5 శాతం నుండి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 1965లో నేటి జార్ఖండ్‌లోని ధోరి గనిలో జరిగిన పేలుడులో 268 మంది మరణించారు. అక్కడ మంటను వ్యాపింపజేసినది ముఖ్యంగా బొగ్గు ధూళి. వాయువు గాని ధూళి గాని, గనిలో ఒక్క నిప్పురవ్వ ఎంత పని చేయగలదో ఇటువంటి ప్రమాదాలు చూపాయి.

ఎంత వాయువు ఉంటే పేలుడు మిక్కిలి తీవ్రంగా ఉంటుందో తొమ్మిదవ తరగతి విద్యార్థి కూడా కట్టగలడు. ఒక పాలు మీథేను పూర్తిగా మండటానికి రెండు పాళ్ళు ఆమ్లజని కావాలి. గాలిలో ఆమ్లజని 21 శాతం. కాబట్టి రెండు పాళ్ళ ఆమ్లజనికి సుమారు 9.5 పాళ్ళ గాలి కావాలి. మొత్తం 10.5 పాళ్ళలో మీథేను 1 పాలు. అంటే సుమారు 9.5 శాతం. అనుభవంలో తేలిన సంఖ్యా ఇదే. గని అధికారులు మాత్రం అంతదాకా రానివ్వరు. 1.25 శాతం దాటితే విద్యుత్తు నిలిపి మనుషులను వెలుపలికి తీసుకురావాలని మన దేశపు బొగ్గు గనుల నియమావళి చెబుతుంది.

కంటికి కనపడని వాయువును ఎట్లా కొలవాలి? 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ ఒక దీపం తయారుచేశాడు. దీపపు మంట చుట్టూ సన్నని తీగలతో అల్లిన జాలీని అమర్చాడు. తీగలు మంట వేడిని తమలోకి లాక్కొని చెదరగొడతాయి. జాలీ లోపల వాయువు మండినా, వెలుపలి వాయువు అంటుకొనేంత వేడి జాలీని దాటదు. మంటను బాగా తగ్గించినప్పుడు దానిపై లేత నీలిరంగు టోపీ వంటిది కనపడుతుంది. ఆ టోపీ ఎత్తును బట్టి మీథేను శాతం అంచనా కట్టేవారు. ఆమ్లజని 16, 17 శాతానికి తగ్గితే దీపమే ఆరిపోయేది. అది కూడా ఒక హెచ్చరికే. ఈ కుదురు నుండి వచ్చిన దీపాలను పట్టుకొని గని సర్దార్లు తరతరాలుగా బాయిలోకి దిగారు.

ఈ సూత్రాన్ని తరగతిలో చూపటానికి ఖర్చు లేదు. లావుపాటి రాగితీగను చుట్టలా చుట్టి, వెలుగుతున్న కొవ్వొత్తి మంటపైకి నెమ్మదిగా దించాలి. తీగ మంటలోని వేడిని లాక్కొంటుంది, మంట ఆరిపోతుంది. అదే తీగచుట్టను ముందుగా బాగా వేడిచేసి దించితే మంట ఆరదు. ఎందుకు? ఈ ప్రశ్నకు విద్యార్థి తానే జవాబు చెప్పగలిగితే డేవీ దీపం అతనికి అర్థమైనట్లే.

పరికరం తప్పు చెప్పినప్పుడు

దీపం స్థానంలో నేడు మీథేనుమాపకాలు వచ్చాయి. ఎక్కువగా వాడే రకం లోపల సన్నని ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. దానిపైనున్న పూతలో ఉత్ప్రేరకం, అంటే తాను మారకుండా రసాయన చర్యను త్వరపరచే పదార్థం, ఉంటుంది. గాలిలో ఉన్న కొద్దిపాటి మీథేను ఆ పూతపై మంట లేకుండా మండుతుంది. తీగ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలను వీట్‌స్టన్ వంతెన అనే వలయం కనిపెడుతుంది. తెరపై 0.8 శాతం అని అంకె వస్తుంది.

వేడి ఎక్కితే లోహపు నిరోధం పెరుగుతుందన్నది పదవ తరగతి విద్యుత్ పాఠానికి చెందిన సంగతి. వీట్‌స్టన్ వంతెన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ఉన్నది. ఏటా వేలమంది విద్యార్థులు ఆ పటాన్ని గీసి మార్కులు తెచ్చుకొంటున్నారు. అది తమ ఊరి గనిలో మనుషుల ప్రాణాలు కాపాడుతున్నదని ఎంతమందికి తెలుసు?

ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఈ రకం పరికరం మీథేనును మండించి కొలుస్తుంది. మండటానికి ఆమ్లజని కావాలి. ఒక మూసుకుపోయిన మూలలో మీథేను బాగా పేరుకొని 30, 40 శాతానికి పోయిందనుకొందాం. అక్కడ ఆమ్లజని చాలినంత ఉండదు. ఉత్ప్రేరకంపై దహనం తగ్గుతుంది. తీగ వేడి తగ్గుతుంది. అంకె కిందికి దిగుతుంది! అసలు ప్రమాదం పెరిగింది, పరికరం మాత్రం తక్కువ చూపింది. ఆ మూలకు స్వచ్ఛమైన గాలి చేరి, వాయువు పలచబడి 15 శాతంలోపు వచ్చిన క్షణంలో అది పేలుడు మిశ్రమం అవుతుంది. సిలికోను వంటి పదార్థాల ఆవిరి తగిలితే ఉత్ప్రేరకం చెడిపోయి కూడా పరికరం తక్కువ చూపవచ్చు.

ఈ కారణంచేత నేటి పరికరాలలో కొలత హద్దు దాటగానే హెచ్చరిక నిలిచిపోయే ఏర్పాటు చేస్తారు. తెలిసిన మిశ్రమంతో పరికరాన్ని తరచు సరిచూస్తారు. అయినా పరికరాన్ని పట్టుకొన్న మనిషికి దాని సూత్రం తెలిసి ఉండటానికి మించిన రక్షణ లేదు. మీట నొక్కి అంకె చదవటం మాత్రమే నేర్చినవాడు, అంకె తగ్గింది కనుక భయం లేదనుకొంటాడు. సూత్రం నేర్చినవాడు, ఇంతవరకు పెరుగుతూ వచ్చిన అంకె ఉన్నట్టుండి ఎందుకు పడిపోయింది అని ఆగుతాడు. ఇద్దరి చదువుకూ ఉన్న తేడా ఆ ఒక్క క్షణంలో బయటపడుతుంది.

దీపం పోయి మాపకం వచ్చింది. నేడు పరారుణ కిరణాలు మీథేనులో ఎంత మేరకు ఇంకిపోతాయో చూసి కొలిచే పరికరాలూ ఉన్నాయి. వాటికి ఆమ్లజని అవసరం లేదు. పరికరం మూడుసార్లు మారింది. గాలిలో వాయువు ఎంత ఉన్నది, దానిని దేని ద్వారా తెలుసుకొంటున్నాము, ఆ తెలివికి హద్దు ఎక్కడ అనే ప్రశ్నలు మాత్రం మారలేదు. పాఠశాల పట్టుకోవలసినది ఈ మారని దానిని.

కృత్రిమ మేధకూ ఇదే పరీక్ష

నేడు విద్యార్థుల చేతికి మరొక యంత్రం వచ్చింది. ప్రశ్న అడిగితే తెలుగులోనే వ్యాసం వ్రాసి ఇస్తుంది; లెక్క చేసి పెడుతుంది. దానిని కృత్రిమ మేధ అంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో కొన్ని ప్రాథమిక పాఠశాలలలో పిల్లలకు చదవటం, లెక్కలు నేర్పటానికి కృత్రిమ మేధతో నడిచే పాఠాలను ప్రయోగాత్మకంగా ప్రవేశపెట్టింది. వీటిని నిషేధించాలనేవారు ఉన్నారు. ఉపాధ్యాయుడే ఇక అక్కరలేదనేవారూ ఉన్నారు. రెండు మాటలూ తొందరపాటు మాటలే.

ఈ యంత్రాలకు మూలం లెక్కించరానంత పెద్ద పాఠ్యరాశి. అందులో ఏ మాట తరువాత ఏ మాట వస్తుందన్న పోలికలను యంత్రం పట్టుకొంటుంది. ఆ పోలికల నుండి కొత్త వాక్యాలు కూర్చుతుంది. తనకు సరిపడినంత ఆధారం ఉన్న విషయంలో అది బాగా చెబుతుంది. ఆధారం పలచబడిన చోట కూడా అదే ధీమాతో, అంతే చక్కని వాక్యాలలో తప్పు చెప్పగలదు. బెల్లంపల్లి గురించి, తెలుగు మాటల గురించి అడిగినప్పుడు ఇటువంటి తప్పులు ఎక్కువగా రావటానికి అవకాశం ఉన్నది, ఎందుకంటే వాటిపై లభించే పాఠ్యం తక్కువ.

మూసుకుపోయిన మూలలోని మీథేనుమాపకం చేసే తప్పు వంటిదే ఇదీ. కాబట్టి విద్యార్థి ఈ యంత్రాన్ని వాడరాదని కాదు. సర్దారు మాపకాన్ని వాడినట్లు వాడాలి. సర్దారు అంకె చూస్తాడు. చూసి గాలి ఎటు వీస్తున్నదో గమనిస్తాడు, నిన్నటి అంకెతో పోలుస్తాడు, అనుమానం వస్తే మరొక పరికరంతో సరిచూస్తాడు. ఒక తరగతిలో యంత్రం ఇచ్చిన జవాబును బల్లపై వ్రాసి, అందులో తప్పు పట్టమని విద్యార్థులను కోరవచ్చు. పాఠ్యపుస్తకం, కొలత, ఊరిలో తెలిసినవారు సాక్ష్యం. ఆ గంటలో వారు నేర్చేది ఏ పరీక్షకూ తక్కువ కాదు.

ఊరే ప్రయోగశాల

పనిని చదువుతో కలపాలన్న ఆలోచన కొత్తది కాదు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా విద్య అనే ప్రణాళికను దేశం ముందుంచారు. 1964–66లో కొఠారి కమిషన్ పదవ తరగతి వరకు విజ్ఞానశాస్త్రం, గణితం అందరికీ ఉండాలనీ, చదువులో పని అనుభవం భాగం కావాలనీ సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు సంచి లేకుండా 10 రోజులు స్థానిక వృత్తుల మధ్య గడపాలని చెప్పింది. చెప్పిన దానిలో చాలా భాగం కాగితం మీదనే నిలిచిపోవటానికి ఒక కారణం, స్థానిక వృత్తిని వింతగా చూసి రావటమే తప్ప దానిలోని శాస్త్రాన్ని తరగతికి తీసుకురాకపోవటం. ఎట్లా తేవచ్చునో కొన్ని ఉదాహరణలు చూద్దాం.

ఓపెన్‌కాస్టు గనిలో డంపర్లు నడిచే బాటకు సాధారణంగా 16కు 1 కంటె ఎక్కువ వాలు ఉండరాదు. అంటే 16 మీటర్లు ముందుకు పోతే 1 మీటరు ఎక్కాలి. 100 మీటర్ల లోతు నుండి పైకి రావటానికి బాట ఎంత పొడవు ఉండాలి? సుమారు 1,600 మీటర్లు. ఆ వాలు కోణం ఎంత? టాంజెంటు పట్టిక చూస్తే సుమారు మూడున్నర డిగ్రీలు. అంత స్వల్పమైన వాలు ఎందుకు? నిండు బరువుతో ఎక్కే డంపరు ఇంజను గురించీ, వానలో దిగే డంపరు బ్రేకుల గురించీ ఆలోచిస్తే ఘర్షణ పాఠం దానంతటదే వస్తుంది. త్రికోణమితి ఎందుకని అడిగే విద్యార్థికి ఇంతకంటె మంచి జవాబు లేదు.

రెండవ ఉదాహరణ విద్యుత్తు. మంచిర్యాల జిల్లా జైపూరులో సింగరేణి 2016 నుండి 1,200 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని నడుపుతున్నది. అదే కంపెనీ 200 మెగావాట్లకు పైగా సౌర విద్యుత్ ఫలకాలనూ నెలకొల్పింది. ఈ రెండు సంఖ్యలు చూసి సౌర విద్యుత్తు ఆరవ వంతుకు చేరిందని అనుకొంటే పొరపాటు. మెగావాట్ అనేది సామర్థ్యం. ఇంటికి వచ్చే బిల్లులోని యూనిట్ అనేది వాడుకొన్న శక్తి. జైపూరు కేంద్రం 24 గంటలూ నిండుగా నడిస్తే రోజుకు 2 కోట్ల 88 లక్షల యూనిట్లు ఇస్తుంది. మన ఎండలో 1 కిలోవాట్ సౌర ఫలకం రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. ఆ లెక్కన 200 మెగావాట్లు ఇచ్చేది 8 లక్షల యూనిట్లు. రాత్రి ఎండ లేదు కదా! మరి 1 యూనిట్ విద్యుత్తుకు సుమారు 650 గ్రాముల బొగ్గు కావాలనుకొంటే, ఆ 8 లక్షల యూనిట్లు రోజుకు ఎన్ని టన్నుల బొగ్గును మిగుల్చుతాయి? సుమారు 520 టన్నులు. తమ ఊరి భవిష్యత్తు గురించి పెద్దలు చేసే వాదనలను ఈ లెక్క తెలిసిన విద్యార్థి సొంత తూకంతో తూచగలడు.

మూడవది భూగర్భశాస్త్రం. గోదావరి లోయలోని బొగ్గు 25 కోట్ల సంవత్సరాలకు పూర్వం పెరిగిన అడవుల అవశేషం. నాటి గ్లాసాప్టెరిస్ అనే చెట్టు ఆకు ముద్రలు మన దేశంలోనే కాక ఆఫ్రికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికాలలో కూడా దొరికాయి. ఆ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవనటానికి అదొక సాక్ష్యం. పొరల రాతిలో ఆకు ముద్రను చేతితో తడిమిన పిల్లవాడు ఖండాల చలనాన్ని మరచిపోడు.

ఆడపిల్లలు, భాష

1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ గనులలో పనికి అనుమతించలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ పనులలో వారికి ఆ అవకాశం కల్పించింది. బెల్లంపల్లి ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గనుల శాస్త్రం బోధిస్తారు. కొత్తగూడెంలోని గనుల కళాశాలను 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయంగా ఉన్నతీకరించారు. తలుపులు తెరుచుకొన్నాయి. కాని ఎనిమిదవ తరగతి ప్రయోగశాలలో మగపిల్లలు తీగలు కలుపుతుంటే ఆడపిల్లలు పక్కన నిలిచి పుస్తకంలో వ్రాసుకొనే అలవాటు పోకపోతే ఆ తలుపుల దాకా వారు చేరలేరు.

భాష విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమం క్రమంగా ప్రవేశించింది. ఉన్నత విద్యకూ ఉద్యోగానికీ ఇంగ్లీషు కావాలన్నది నిజమే. అయితే అర్థం కాని వాక్యాన్ని కంఠస్థం చేయటం ఏ భాషలోనైనా చదువు కాదు. బొగ్గు ప్రాంతపు పిల్లవానికి హాలేజి తెలుసు, టబ్బు తెలుసు, రోప్ తెలుసు. వాలుపై టబ్బును లాగే రోప్‌తో మొదలుపెట్టి వాలుతలం, బలం అనే మాటలకు, అక్కడినుండి వాటి ఇంగ్లీషు పేర్లకు పోవటం తేలిక. వెనుకనుండి రావటం కష్టం.

ఇతరుల అనుభవం

బొగ్గు తగ్గిపోయే రోజును ఇతర దేశాలు ఇప్పటికే చూశాయి. జర్మనీలోని రూర్ ప్రాంతం ఐరోపాలో పేరుపొందిన బొగ్గు సీమ. 1958 నుండి అక్కడ గనులకు గడ్డురోజులు మొదలయ్యాయి. అంత జనసమ్మర్దమైన ప్రాంతంలో అప్పటికి ఆధునిక విశ్వవిద్యాలయం లేదు. 1965లో బోఖుమ్‌లో ఒక విశ్వవిద్యాలయం తెరిచారు. తరువాత మరికొన్ని వచ్చాయి. చివరి గని 2018 డిసెంబరులో మూతపడింది. అంటే గని మూసే నాటికి అర్ధ శతాబ్దం ముందే విద్యాలయం తెరిచారు. అక్కడా నిరుద్యోగం తప్పలేదు. కాని కొత్త తరానికి నిలబడే చోటు దొరికింది. బ్రిటనులో 1984–85 సమ్మె తరువాత గనులు వేగంగా మూతపడ్డాయి. చాలా గని ఊళ్ళు ఆ దెబ్బనుండి కోలుకోవటానికి దశాబ్దాలు పట్టింది.

బెల్లంపల్లికి ఇందులో ఉన్న పాఠం స్పష్టమే. సింగరేణి ప్రాంతంలో బొగ్గు రేపే అయిపోదు. అందుచేతనే సిద్ధపడటానికి ఇది తగిన సమయం.

ఉపాధ్యాయుడు చేయగలిగినది

మార్పు అనగానే కొత్త భవనం, కంప్యూటర్ల గది, పెద్ద తెర గుర్తుకు వస్తాయి. అవి ఉంటే మేలే. 1984–85లో దేశంలోని కొన్ని పాఠశాలలకు తొలిసారిగా కంప్యూటర్లు పంపారు. ఆనాటి యంత్రాలు నేడు వస్తుప్రదర్శనశాలకు తప్ప దేనికీ పనికిరావు. ఆనాడు వాటి మీటలను మాత్రమే నేర్చినవారి విద్యకూ అదే గతి పట్టింది. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి వరుసగా వ్రాయటం నేర్చినవారి విద్య మాత్రం నేటికీ అక్కరకు వస్తున్నది.

కాబట్టి ఏ కొత్త పరికరం బడికి వచ్చినా ఉపాధ్యాయుడు దానిని మూడు ప్రశ్నలతో పరిచయం చేయాలి. ఇది దేనిని కొలుస్తున్నది, లేక ఏ పని చేస్తున్నది? ఏ సూత్రం మీద చేస్తున్నది? ఎప్పుడు తప్పు చేస్తుంది? మొదటి ప్రశ్నకు పరికరంతో వచ్చే పుస్తకంలో జవాబు ఉంటుంది. రెండవదానికి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. మూడవదానికి జవాబు విద్యార్థులు వెతికి, ప్రయోగించి తెలుసుకోవాలి.

బెల్లంపల్లి పరిసరాలలో విశ్రాంతి తీసుకొంటున్న ఓవర్‌మన్లు, సర్దార్లు, ఫిట్టర్లు ఎందరో ఉన్నారు. నెలకొకసారి వారిలో ఒకరిని తరగతికి పిలవవచ్చు. పైకప్పు కూలేముందు ఏ చప్పుడు వినపడుతుందో, మోటారు చెడితే ముందు ఏమి చూడాలో వారు చెబుతారు. ఆ చప్పుడు ఎందుకు వస్తుందో, మోటారు ఎందుకు వేడెక్కుతుందో ఉపాధ్యాయుడు చెప్పాలి. తాతల అనుభవమూ పుస్తకపు సూత్రమూ ఒకే గంటలో, ఒకే బల్ల వద్ద కలుసుకొంటాయి. ఆ బల్ల ముందు కూర్చున్న పిల్లలు రేపు బాయిలో దిగినా, సౌర ఫలకాలు బిగించినా, హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చున్నా, తెరపై అంకె ఉన్నట్టుండి పడిపోయినప్పుడు ఆగి ఆలోచించగలుగుతారు.